చుక్కల వేట, ఖాదర్ సార్, నేను

కొత్తగా కంప్యూటర్ టీచర్లుగా చేరిన ఇద్దరు అమ్మాయిలు మొన్న ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చారు. "మేడం, మీ అనుభవాలు చెప్పండి, మాకు పనికొస్తాయి" అన్నారు. కాఫీ ఇచ్చి, ఆ మాటా ఈ మాటా చెప్పి పంపాను. వాళ్లు పోయాక చెప్పవలసింది చెప్పలేదే అనిపించింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఎప్పుడు చేరాను, ఎప్పుడు పర్మనెంటు అయ్యాను, రిటైరైన రోజు ఎవరు శాలువా కప్పారు అనేవి రాయను. వాటితో మీకేం పని లేదు.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ ఉద్యోగం ఒంటరిది. తెలుగు టీచరుకూ సోషల్ టీచరుకూ స్టాఫ్ రూమ్ ఉంటుంది. అక్కడ ముచ్చట్లుంటాయి, తగువులుంటాయి. మనకు మాత్రం చెప్పులు బయట విడిచి, తలుపేసుకుని, కర్టెన్లు దించుకుని కూర్చునే గది ఉంటుంది. తక్కినవాళ్లకు మనం గుర్తొచ్చేది ప్రింటరు పని చేయనప్పుడే. పైగా మనం నేర్పింది నిలవదు. లెక్కల మాస్టారు నేర్పిన ఎక్కాలు పిల్లల మనవళ్లకు కూడా పనికొస్తాయి. నేను మొదట నేర్పిన కంప్యూటరు భాష ఈరోజు ఎవరికీ అక్కరలేదు. అది వచ్చిన మనిషి, నాకు తెలిసి, ఈ చుట్టుపక్కల ఇంకొక్కరే ఉన్నారు. రాయబోయేది చాలావరకు ఆయన గురించే.

గుడ్డ కప్పిన పెట్టె

నా మొదటి ఉద్యోగం పులివెందులలో. బి.యస్సీ. చదివి, కొన్ని వారాలు హైదరాబాదులో ట్రైనింగు పొంది వచ్చాను. ఆ బడికి అప్పుడే ఒక కంప్యూటరు వచ్చింది. ఇప్పటి పిల్లలకు దాన్ని చూపిస్తే కంప్యూటరంటే నమ్మరు. మందపాటి కీబోర్డు ఒకటి, యంత్రమంతా అందులోనే. వెనక నుంచి ఒక వైరు టీవీకి పోతుంది, ఇంకొకటి పాటలు వినే టేప్‌రికార్డరుకు. రాసిన ప్రోగ్రాము క్యాసెట్లో దాచుకోవాలి. విదేశాల్లో దాన్ని ఇళ్లలోకి కొనుక్కునేవాళ్లట. మా హెడ్మాస్టరు గారికి మాత్రం అది బీరువాలో పెట్టుకోవలసిన నగ.

"ఆన్ చేస్తే అరిగిపోతాదమ్మా. రేపు ఆఫీసర్లు వస్తే ఏం చూపించాల?" అనేవారు. "నువ్వు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పు. పిల్లోళ్లకు అదే శానా ఎక్కువ."

గీశాను. తొండూరు వైపు నుంచి బస్సులో వచ్చే పిల్లలు బల్లల మీద సుద్దతో కీబోర్డు గీసుకుని, దాని మీద వేళ్లు ఆడించేవాళ్లు. ఎంత నొక్కినా ఏమీ కనపడని ఆ బల్లల వైపు వాళ్లు చూసే చూపు నాకింకా మరపు రాలేదు. ఆయన అనుకున్నట్టే ఒకరోజు ఆఫీసరు వచ్చారు. హెడ్మాస్టరు గారు ఎంతో గర్వంగా గుడ్డ తీశారు. స్విచ్చి వేస్తే దీపం కూడా వెలగలేదు. లోపల చీమలు గూడు పెట్టుకున్నాయి. ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. భయపడే పైవాడి కింద పని చేయవలసి వస్తే వాదించకండి. రోజూ ఏదో ఒక సాకు చెప్పి యంత్రాన్ని కాసేపు ఆన్ చేయండి. వాడని యంత్రమే ముందు పాడవుతుంది.

ఒకే గది, ఇద్దరం

అక్కడి నుంచి ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు కాలేజీకి వచ్చాను. ఇప్పుడా కాలేజీ లేదు. అక్కడ అలాంటి యంత్రాలే కొన్ని ఉండేవి. నేర్పడానికి ఇద్దరం. ఒకరు నేను, రెండోవారు ఖాదర్ బాషా సార్. ఆయనది జమ్మలమడుగు. మాదీ ఆ ఊరే. మా తాతల కాలంలో మిషను వాళ్ల దగ్గర బాప్తిస్మం తీసుకున్న కుటుంబం మాది. ఆయన వాళ్లది మసీదు వెనక వీధి. ఊళ్లో ఉన్నప్పుడు ఒకరికొకరం తెలియదు. ఈ గదిలోనే పరిచయం.

ఆయన సన్నగా ఉండేవారు. మాట్లాడితే తగువు పెట్టుకున్నట్టే ఉండేది. నేను రాసిన ప్రోగ్రాము చూసి, "ఈ రెండు లైన్లు ఎందుకు మేడం? ఒకటి చాలదా?" అనేవారు. కోపం వచ్చేది. ఇంటికి పోయి ఆలోచిస్తే ఒకటే చాలునని తేలేది. మర్నాడు నేను ఆయన లైన్లలో తప్పు పట్టేదాన్ని. ఊళ్లో మా గురించి ఏమనుకునేవాళ్లో నాకు తెలుసు. వాళ్లనుకున్నదేమీ లేదు. ఆయనకు భార్య ఉంది, చిన్న కొడుకు ఉన్నాడు. నాకు పెళ్లి మీద మనసు లేదు, చివరికి చేసుకోలేదు కూడా. నేను చేసిన పనిని చూసి, అది బాగుందో లేదో చెప్పగలిగిన మనిషి మాత్రం నా సర్వీసు మొత్తానికి ఆయనొక్కడే. అలాంటి మనిషి ఒక్కరుంటే ఈ ఉద్యోగం ఎంత తేలికో, లేకపోతే ఎంత బరువో నాకు తర్వాత తెలిసింది.

సాయంత్రం బెల్లు కొట్టాక ఆయన ఒక ఆట రాయడం మొదలుపెట్టారు. కింద చిన్న విమానం, పై నుంచి రాళ్లు పడుతుంటాయి. ఎడమచేతి వేళ్లతో విమానాన్ని పక్కకు జరపాలి, కుడిచేత్తో కాల్చాలి. దాని పేరు చుక్కల వేట. విమానం పేలిపోయినప్పుడు తెర మీద ఏం రావాలనే దగ్గర ఆగిపోయారు.

"ఇంగ్లీషు మాట వద్దు మేడం. ఆడేది మనోళ్లు. మనోళ్ల మాటే ఉండాల."

పొద్దుగూకాక మా అమ్మ, మా వాకిట్లో ఆడుకునే పక్కింటి పిల్లలను తరిమే మాట చెప్పాను: "ఇంగ చాలు, ఇంటికి పో." ఆయన పడీ పడీ నవ్వారు. యంత్రంలో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో ఆ మాటే పెట్టారు.

ఆట పూర్తయ్యాక ఖాళీ క్యాసెట్ తెచ్చిన ప్రతివాడికీ ఎక్కించి ఇచ్చారు. మేమిద్దరం కూడా మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు మూసి ఒక ఆట ఆడేవాళ్లం. ఆయన రాసిన ఆటలో ఆయన్ను నేను ఓడించేదాన్ని. "నేను రాసింది మీ కోసమా ఏంది?" అని విసుక్కునేవారు.

పెళ్లి సన్నాయి

కాలేజీ కరస్పాండెంటు గారింట్లో పెళ్లి వచ్చింది. మా గది టేప్‌రికార్డరు కావాలని మనిషిని పంపారు. వాడు బీరువాలో ఉన్న క్యాసెట్లు కూడా మూటగట్టుకుని పోయాడు. మేమిద్దరం అప్పుడు పరీక్ష డ్యూటీలో ఉన్నాం. పెళ్లి అయ్యాక కరస్పాండెంటు గారే స్వయంగా తెచ్చి ఇచ్చారు.

"మంచి క్యాసెట్లు పెట్టుకున్నారప్పా. వాటి మీదికి సన్నాయి శానా బాగా ఎక్కింది," అన్నారు.

ఖాదర్ సార్ తన క్యాసెట్ పెట్టి వాయించారు. సన్నాయి. చివరన ఎక్కడైనా ఆట మిగిలి ఉంటుందేమోనని ఒక పక్కంతా కూర్చుని విన్నారు. తిప్పి పెట్టి రెండో పక్క కూడా విన్నారు. తర్వాత క్యాసెట్ తీసి డబ్బాలో పెట్టేశారు. అరుస్తారనుకున్నాను, అరవలేదు. కరస్పాండెంటు గారి దగ్గరికి నేనే వెళ్లి చెప్పాను. ఆయనకు నేనేం చెబుతున్నానో అర్థం కాలేదు. "ఆట పోతే పోయింది లేమ్మా, ఈడికి వచ్చేది చదువుకునేదానికి కదా," అన్నారు.

కాపీలు తీసుకుపోయిన పిల్లల్ని అడిగాను. అందరూ వాటి మీద పాటలు ఎక్కించుకున్నారు. "మళ్లీ రాయండి సార్, నేను సాయం చేస్తాను" అన్నాను. "రాయొచ్చు మేడం. ఎవరి కోసం రాసేది?" అన్నారాయన. ఆ ఏడే కువైట్ వెళ్లిపోయారు.

కాపీలు రెండు చోట్ల దాచమని మీకు ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఇంకొకటి. మనం చేసే పని కంటికి కనపడదు. కరస్పాండెంటు గారి చేతిలో ఉన్నది ఖాళీ క్యాసెట్టే, ఆయన దృష్టిలో. మనం చేసింది ఒక వస్తువని పైవాళ్లకు ముందుగానే చూపించండి. కూర్చోబెట్టి, చేతికిచ్చి, వాళ్ల చేతనే ఆడించండి. మేము ఆయన్ను ఆ గదిలోకి ఒక్కసారి కూడా పిలవలేదు.

ఏ భాషో తెలియని మాట

తర్వాతి ఏళ్ల గురించి రాయడానికి పెద్దగా లేదు. యంత్రాలు మారాయి, బళ్లు మారాయి. నేర్పేవి మారాయి. మధ్యాహ్నం డబ్బా తెరిచి ఒక్కదాన్నే తిని, మళ్లీ తలుపేసుకునేదాన్ని. మంచి పిల్లలు వచ్చారు, పోయారు. ఆ పాత కాలేజీ మూసేసేటప్పుడు గది ఖాళీ చేస్తూ, "ఈ చెత్త మీకేమన్నా కావాల్నా మేడం?" అని అడిగారు. ఒక యంత్రం తెచ్చుకున్నాను. రిటైరయ్యాక విప్పి, లోపల ఉబ్బిపోయిన కెపాసిటర్లు మార్చాను. పని చేసింది. దాన్ని ముందు పెట్టుకుని ఏం చేయాలో తోచలేదు.

అలాంటి యంత్రాల మీద ఇప్పటికీ మనసున్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. పాత ఆటలు సేకరించి, ఎవరైనా ఉచితంగా తీసుకోవడానికి ఇంటర్నెట్‌లో పెడుతుంటారు. ఒక పగలు అలా వెతుకుతుంటే, రాసింది ఎవరో తెలియని ఆటల వరుసలో ఒకటి కనపడింది. కువైట్‌లో దొరికిన క్యాసెట్ నుంచి తీశారట. మా పిల్లల్లో నేను అడగకుండా మిగిలినవాడెవడో తీసుకుపోయి ఉండాలి. కింద ఫోటో ఉంది. పేలిన విమానం, ఇంగ్లీషు అక్షరాల్లో మా అమ్మ మాట.

అది ఏ భాష అని కింద పెద్ద చర్చ. ఒకరు హంగేరీ భాష అన్నారు. ఇంకొకరు రహస్య సంకేతమన్నారు. ఒక్కదాన్నే బిగ్గరగా నవ్వాను. నవ్వు ఆగాక చూస్తే, ఎందుకు నవ్వానో చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు. చెబితే అర్థమయ్యే మనిషి బతికున్నారో లేదో కూడా తెలియదు.

జమ్మలమడుగులో

ఆదివారం జమ్మలమడుగు చర్చికి పోయి, ప్రార్థన అయ్యాక మసీదు వెనక వీధిలో అడిగాను. "కువైట్ ఖాదరా? ఆ పచ్చ తలుపు ఇల్లు" అన్నారు. ఆయన వరండాలో కుర్చీలో ఉన్నారు. ముఖం అదే, గడ్డం తెల్లబడింది.

"ఎవరు?" అన్నారు, నా వైపు కాకుండా కొంచెం పక్కకు చూస్తూ.

"నేను సార్, సుగుణను. ప్రొద్దుటూరు కాలేజీ."

"మేడమా! యాడ ఉండారు ఇన్నేండ్లు?"

"ప్రొద్దుటూరులోనే."

"ఇంత దగ్గర్లోనా!" అని నవ్వారు. తర్వాత చెప్పారు. "నాకు చూపు పోయింది మేడం. షుగరు."

భార్య పోయారు. కొడుకు పొద్దున పోతే సాయంత్రం వస్తాడు. కోడలు పర్వీన్ చూసుకుంటుంది. నేను ఆట దొరికిన సంగతి చెప్పాను. ఆయన ముఖంలో ఏమీ మారలేదు.

"దొరికితే ఏం జేసేది? నాకు టీవీ అయినా గోడ అయినా ఒకటే. మీరు ఆడుకోండి," అన్నారు.

లేచి వచ్చేస్తుంటే పర్వీన్ గేటు దాకా వచ్చింది. "ఆంటీ, మళ్లా రాండి. మామ ఇంతసేపు ఎవురితోనూ మాట్లాడేది లేదు."

మరుసటి వారం యంత్రాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. వాళ్ల పాత టీవీకి తగిలించాను. ఆటను ఫోనులోకి దించుకుని, క్యాసెట్ పెట్టే చోట ఫోను వైరు గుచ్చాను. ఆ యంత్రానికి ప్రోగ్రామంటే కీచుమనే ఒక రకమైన మోత. టేపు నుంచి వచ్చినా ఫోను నుంచి వచ్చినా దానికి తేడా లేదు. మోత మొదలవగానే ఆయన తల ఎత్తారు.

"ఎక్కుతాంది," అన్నారు. "సౌండు తగ్గించండి మేడం. ఎక్కువైతే తప్పు పడతాది."

తగ్గించాను. ఎక్కింది. కీబోర్డు ఆయన ఒళ్లో పెట్టాను. వేళ్లు వాటంతట అవే కీల మీదికి పోయాయి. ఆడారు. వెంటనే విమానం పేలింది. మళ్లీ ఆడారు, మళ్లీ పేలింది. చెయ్యి తీసేశారు.

"అన్ని రాళ్లూ ఒకే మోత మోగుతాండాయి. ఏ రాయి యాడుందో ఎట్ల తెలిసేది? ఎవడు రాసినాడు ఈ దరిద్రం?"

"మీరే సార్."

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు తగ్గాక ఆయన వేళ్లు మళ్లీ కీల మీదికి పోయాయి. తర్వాత మెల్లగా అన్నారు: "ఎడమ పక్క రాయికి బొంగురు మోత, కుడి పక్కకు పొయ్యే కొద్దీ సన్న మోత పెడితే?"

"పెట్టొచ్చు."

"అయితే లైన్లు చదవండి మేడం. మొదటి నుంచి."

బొమ్మ లేని ఆట

ఆ తర్వాత ప్రతి శనివారం పోయాను. నేను ఆయన పాత లైన్లు ఒక్కొక్కటే చదువుతాను, ఆయన కుర్చీలో వెనక్కి వాలి వింటారు. "ఆగండి. ఆడ మార్చాల," అంటారు. నేను టైపు చేస్తాను. ఒక్కోసారి ఆజ్ఞ పేరు నోటికి రాక కుర్చీ చెయ్యి మీద గుద్దేవారు. "తలకాయ ఖాళీ అయింది మేడం." "నాకు గుర్తుంది, మీరు ఏం చేయాలో చెప్పండి," అనేదాన్ని. ఇన్నేళ్లుగా ఎవరికీ అక్కరలేదని నేననుకున్న భాష నా నోట్లో అలాగే ఉంది.

రాయి ఎక్కడుందో తెలిసింది కానీ, తన విమానం ఎక్కడుందో ఆయనకు తెలియడం లేదు. రెండు శనివారాలు అక్కడే ఆగిపోయాం. విమానానికి కూడా ఒక మోత పెడదామన్నాను. విమానాన్ని జరిపే కొద్దీ దాని మోత మారాలి. అది రాయి మోతతో కలిసిన చోట కాల్చాలి. ఆయన కాసేపు ఆలోచించారు.

"సన్నాయి శృతి కలిపినట్టు," అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం వైపు చూశాను. కోపం లేదు.

పెట్టి ఆడించాం. బొంగురు మోత ఒకటి గదిలో మెల్లగా జరిగింది. రాయి సన్నగా కూస్తూ దిగుతోంది. రెండూ దగ్గరయ్యాయి, ఒకటయ్యాయి. ఆయన నొక్కారు. చిన్న పేలుడు.

"మేడం, పడిందా?"

"పడింది సార్."

"నిజంగానా? నా కోసం చెప్తాండారా?"

"స్కోరు మారింది."

ఆయన జేబులోంచి రుమాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. గుమ్మంలో నిలబడిన పర్వీన్ టీ గ్లాసులు చేతిలో పట్టుకునే వెనక్కి పోయింది.

పాత ఆట కింద ఆయన పేరు చేర్చమని ఆ ఇంటర్నెట్ వాళ్లకు రాశాను. కొత్త ఆట కూడా పంపాను. దాని మీద ఇద్దరి పేర్లూ ఉండాలని ఆయన పట్టుబట్టారు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చని కూడా రాయించారు. హంగేరీ భాషన్నవాళ్లకు అది ఏ జిల్లా మాటో చెప్పాను.

చివరి శనివారం ఆటను పర్వీన్ ఫోనులో పెట్టి, యంత్రాన్ని ఆయన ఒళ్లోనే వదిలి, ఖాళీ సంచితో వచ్చేశాను. "మీకు వద్దా మేడం?" అన్నారు. "నాకు ల్యాప్‌టాప్‌లో ఆడుకునే దారి ఉంది సార్," అన్నాను.

తర్వాత

వారం తిరిగేసరికి పర్వీన్ ఫోను చేసింది. మసీదు నుంచి వచ్చే పెద్దవాళ్లు వాళ్ల వరండాలో ఆగుతున్నారట. ఒకరికి శుక్లాలు, ఒకరికి చూపు బాగానే ఉంది కానీ కళ్లు మూసుకుని ఆడతానని పంతం. "మామ అందరి మీదా కేకలేస్తాండాడు ఆంటీ. శానా బాగుండాడు."

సంతోషమైంది. నిజంగానే అయింది. ఆ శనివారం బస్టాండుకు పోవడానికి చీర కట్టుకున్నాక, అక్కడ నాకు పని లేదని గుర్తొచ్చింది. పోతే వద్దనేవాళ్లు లేరు. కానీ ఆ మనుషుల మధ్య నేను కుర్చీ వేసుకుని కూర్చుంటే, వాళ్లు లేచి సర్దుకుంటారు, మాటలు తగ్గిస్తారు. అందుకని ఫోను చేశాను. వెనక గోలగోలగా ఉంది.

"మేడం, ఆట మధ్యలో ఉండాం. మళ్లా చేస్తా," అని పెట్టేశారు. మళ్లీ చేయలేదు. నేను తప్పు పట్టలేదు. ఆటలో ఉన్న మనిషికి ఫోను గుర్తుండదు.

అమ్మాయిలూ, ఈ ఉద్యోగంలో మీకు ఏం మిగులుతుందని అడిగితే, నేను తియ్యటి మాటలు చెప్పలేను. మీరు చేసిన పని మంచిదైతే అది మీ దగ్గర ఉండదు. వేరేవాళ్ల ఇంట్లో, వేరేవాళ్ల చేతిలో ఉంటుంది. దానికి సిద్ధపడి రండి. మీ పనిని చూసి తప్పు పట్టే మనిషి ఎవరైనా దొరికితే, ఆయనో ఆవిడో ఊరు మారినా చిరునామా పోగొట్టుకోకండి.

ఆ మధ్యాహ్నం అన్నం తిని, ల్యాప్‌టాప్ తెరిచి, కళ్లు మూసుకుని ఆడాను. రాయి మోత ఎడమ నుంచి వచ్చింది. నా మోతను దాని దగ్గరికి జరుపుతున్నాను. గోడ అవతల నుంచి పక్కింటి లక్ష్మమ్మ గొంతు వినపడింది.

"సుగుణమ్మా, ఏందో సప్పుడు వస్తాంది. ఎవరన్నా వచ్చినారా?"

"లేదు లక్ష్మమ్మా," అన్నాను కళ్లు తెరవకుండానే. "ఎవరూ రాలేదు."